నెత్తురు రాని చోటు

"ఇవి వద్దు గుల్‌బారా, తీసెయ్," అంది బర్చినాయ్. నర్సు చెయ్యి గాల్లోనే ఆగింది. పట్టకారు చివర దూది పట్టీ వేలాడుతోంది, నెత్తురు ఆపే మందులో నానిన పట్టీ, దాని కొస నుంచి ఒక చుక్క ఆకుపచ్చ గుడ్డ మీద పడి మరకైంది. ముక్కులోకి కెమెరా గొట్టం పోనిచ్చే ముందు ఈ పట్టీలు కూరాలి, లోపలి నాళాలు ముడుచుకునేదాకా ఓపిగ్గా ఆగాలి, ఆ తర్వాతే కత్తి ముట్టాలి, ఈ గదిలో అందరికీ అది ఊపిరి పీల్చినంత అలవాటు. గుల్‌బారా మాస్కు మీదుగా కళ్లతోనే అడిగింది. ఏమని చెప్పాలి ఈ పిల్లకి, ఈరోజు నెత్తురు ఆపడానికి రాలేదు, వెతకడానికి వచ్చాను, ఎక్కడ వస్తే అక్కడ మా వదిన బతికి ఉన్నట్టు, ఎక్కడ రాకపోతే అక్కడ లేనట్టు, ఆ మందు వేస్తే బతికిన చోటు కూడా తెల్లగా ముడుచుకుపోయి చచ్చినదానిలా కనిపిస్తుంది, రెండింటికీ తేడా తెలియకుండా పోతుంది. అంతా చెప్పలేదు. "బూజు కేసు కదా, మందు పడితే నాకు అంచు తెలీదు," అంది, ఆ 'కేసు' అన్న మాట తన నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో వినపడింది, బల్ల మీద పడుకున్నది జూరా, తన చనిపోయిన మొగుడికి అక్క, ఓష్ బజారులో మాంసం కూరిన సమ్సాలు కాల్చి అమ్మే జూరా, నోట్లో గొట్టంతో, కళ్ల మీద అతికించిన పట్టీలతో, మొదటిసారి తనకు ఎదురు మాట చెప్పకుండా పడుకుని ఉంది.

కెమెరా కుడి ముక్కులోకి జారింది. తెర మీద వెంట్రుకలు, ఎండిన చెక్కు, దాని వెనక గులాబీ రంగులో తడిగా మెరవాల్సిన చోట బొగ్గు పొడి చల్లినట్టు ఒక నలుపు. బిష్కెక్‌లో చదువు చెప్పిన ముసలి ప్రొఫెసర్ అనేవాడు, సైనస్ అంటే ఇల్లమ్మా, గదిలోంచి గదిలోకి వెళ్లాలి, ఒక గోడకి అవతల కన్ను, పైకప్పుకి అవతల మెదడు, చిట్టచివరి గది గోడలో మెడ నుంచి వచ్చే పెద్ద నాళం, గోడలన్నీ ఉల్లిపొర మందం, చేతిలో ఉన్నది చిన్న దీపం, ఆ దీపాన్ని ఆర్పేది ఒక్కటే, నెత్తురు. ఒక్క చుక్క గాజు మీద పడితే నువ్వు గుడ్డిదానివి, గుడ్డిదాని చేతిలో కత్తి ఉంటుంది, జ్ఞాపకం పెట్టుకో. జ్ఞాపకం పెట్టుకుంది. అప్పటి నుంచి ఆమె చేసిందంతా నెత్తురుతో పోట్లాటే, గోరువెచ్చటి ఉప్పునీళ్లు పోసి కడగడం, కారే చోటును వెతికి సన్నటి కొసతో కాల్చడం, పట్టీ పెట్టి తొందరపడకుండా నిలబడటం. వదిన వెక్కిరించేది దీని గురించే, పండగ రోజు గొర్రెను కోస్తుంటే బర్చినాయ్ పక్కకి తిరిగిందని, "చూడండర్రా, మనుషుల మొహాలు కోసే డాక్టరమ్మ గొర్రె నెత్తురు చూళ్లేదంట," అని చుట్టాలందరి ముందూ నవ్వేది, నవ్వుతూనే కాలేయం ముక్క మంచిది ఏరి ఈమె పళ్లెంలో వేసేది.

"ప్రెషర్ దించాను, తల వైపు ఎత్తాను. నీకు నచ్చినట్టే ఉంది అంతా, మొదలుపెట్టు," అన్నాడు మెదెర్ గుడ్డ తెర వెనక నుంచి. మత్తుమందు డాక్టరు, ఇద్దరూ కలిసి ఇదే గదిలో జుట్టు నెరిపించుకున్నారు.

"పెంచు."

"ఏంటి?"

"ప్రెషర్ పెంచు మెదెర్. ఆమెకి మామూలుగా ఎంతుంటుందో అంతకి రానీ. తల కూడా దించు."

"నువ్వేనా ఈ మాట అనేది. పోయిన వారం ఇంకాస్త దించు, ఇంకాస్త దించు అని నా ప్రాణం తోడావు."

"పోయిన వారం వేరు."

బల్ల మరమీద కిర్రుమంటూ దిగింది. యంత్రంలోంచి వదిన గుండె చప్పుడు తొందర లేకుండా వస్తోంది, బజారులో పొయ్యి రాజుకునేదాకా స్టూలు మీద కూర్చుని టీ తాగే మనిషి చప్పుడులా, టీలో నాలుగు చెంచాల పంచదార వేసుకుని, వద్దు వదినా నీకు సుగరు ఉంది అంటే, "నీ మొహం చూస్తూ తాగుతున్నాగా, చేదు దానంతటదే వస్తుందిలే," అని గుటక వేసే మనిషి. జ్వరం వచ్చినప్పుడు ఎవరితోనూ చెప్పలేదు. పక్క కొట్టావిడకి పనిచేసిందని మందుల షాపులో అడిగి ఇంజెక్షన్లు పొడిపించుకుంది, అవి జ్వరాన్ని దించాయి, సుగరును ఆకాశానికి ఎత్తాయి, ఒంట్లో కాపలా కాసేవాటినన్నిటినీ నిద్రపుచ్చాయి, అంతే, ఎక్కడి గాల్లోనైనా ఉండే బూజు, ప్రతి రొట్టె మీదా పెరిగే బూజు, కాపలా లేని ఇంట్లోకి తలుపు తోసుకుని వచ్చింది. అది నాళాల్లోకి దూరి వాటిని లోపల నుంచి పూడ్చేస్తుంది. నెత్తురు అందని చోటు చచ్చిపోతుంది, నరం కూడా చచ్చిపోతుంది కాబట్టి ఆ చోటు చచ్చినట్టు ఒంట్లో మనిషికి తెలియదు.

ముక్కు మధ్యలో ఉండే ఎముక మడతను కొరికి లాగింది. మామూలుగా ఇక్కడ చెయ్యి వేస్తేనే తెర ఎర్రబడుతుంది, గుల్‌బారా పీల్చే గొట్టంతో సిద్ధంగా నిలబడింది, గొట్టం ఉత్త గాలి పీల్చి ఈల వేసింది. ముక్క పట్టకారులోకి తడిసిన అట్టలా ఊడి వచ్చింది. ఇంకొక ముక్క. దాని కింద ఇంకొకటి. ఏదీ వెనక్కి లాగడం లేదు, బతికున్న మాంసం ఎప్పుడూ కాస్త వెనక్కి లాగుతుంది, ఇది వదిలేస్తోంది. తెల్ల పింగాణీ గిన్నెలో నల్లటి ముక్కలు పేరుకుంటున్నాయి, పొయ్యిలోంచి దించేటప్పుడు సమ్సా అడుగున అంటుకుని మాడిన పిండి ముక్కల్లా, వాటిని వదిన చాకు మొనతో గీరి పారేసేది, తల పొయ్యిలోకి వంచి, మోచేతుల దాకా వెంట్రుకలు కాలిపోయి నున్నగా అయిపోయిన చేతులతో. ఆ పొయ్యే జబ్బును పట్టించింది. మొన్న శుక్రవారం ఇంటికి టీకి వచ్చి కూర్చున్నప్పుడు వదిన కుడి చెక్కిలి మీద పెద్ద బొబ్బ, నాణెమంత, అప్పుడే చితికి నీరు కారుతోంది. "ఎప్పుడు కాలింది?" అని అడిగితే, "ఏం కాలింది?" అంది. అద్దం చూపిస్తే చూసుకుని, "ఓరి, ఎప్పుడు తగిలిందో, నా తోలు మొద్దుబారిపోయిందే, మీ అత్తగారి తోలులా," అని నవ్వింది. బర్చినాయ్ నవ్వలేదు. టీ చెంచా తీసి ఆ చెక్కిలి మీద పెట్టింది, ఏదో ఆట అనుకుంది వదిన. "ఏం పెట్టాను?" అంటే, "పెట్టి అడుగు ముందు," అంది. చెంచా అప్పటికే చెక్కిలి మీద ఉంది.

అంతకు ముందు వారమంతా నొప్పితో పొర్లాడిందట. వదిన దగ్గర పెరిగిన మీరిమ్ చెప్పింది ఆస్పత్రిలో చేర్చాక, తల గోడకి కొట్టుకుందని, తెల్ల రుమాలును కణతలకి బిగించి కట్టమందని, కట్టాక ఇంకా బిగించమందని, బిగించి బిగించి ముడి దగ్గర తన వేళ్లు నొప్పెట్టాయని. బర్చినాయ్ అక్కకి ఫోన్ చేద్దామంటే వద్దందట, జలుబుకి కూడా డాక్టరమ్మను పిలిస్తే నవ్విపోతుందని. గురువారం పొద్దున్న లేచేసరికి నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. పోయిందని పండగ చేసుకుంది, బియ్యం కడిగి కారెట్లు తరిగి పెద్ద బాణలిలో పలావు చేసి పక్క కొట్టు వాళ్లందరికీ పంచింది, మర్నాడు ఆ మిగిలిన పలావే గిన్నెలో పెట్టుకుని బర్చినాయ్ ఇంటికి వచ్చింది, చెక్కిలి మీద బొబ్బతో, ఒక రెప్ప కొంచెం వాలిపోయి, పది మైళ్లు నడిచినా అలసట లేని మనిషిలా సంతోషంగా. నొప్పి ఉన్నన్నాళ్లూ నరం బతికే ఉంది, ఆ వారంలో వచ్చుంటే. వచ్చుంటే అన్న మాటను బర్చినాయ్ మధ్యలోనే తుంచేసింది, చేతిలో కత్తి ఉన్నప్పుడు అలాంటి మాటలు పనికిరావు, కళ్ల వెనక గది తలుపు తెరవాలి ఇప్పుడు, సన్నటి ఎముక, గుడ్డు పెంకులా చిటుక్కున విరగాలి, విరగలేదు, వేలు తగిలితే సుద్దలా రాలింది.

"నొప్పి మందు ఇంకా ఇవ్వలేదు నేను," అన్నాడు మెదెర్ మెల్లగా. "అవసరం పడటం లేదు. నువ్వు కోస్తుంటే గుండె ఒక్క దెబ్బ కూడా ఎక్కువ కొట్టుకోవడం లేదు. ఎంత మత్తులో ఉన్నా ఒంటికి తెలుస్తుంది కదా మామూలుగా."

"తెలుస్తుంది."

"దీనికి తెలియడం లేదు."

వదినకి ఏదైనా తెలియకపోవడం అంటే నమ్మడం కష్టం. వీధిలో ఎవరింట్లో ఏం వండుతున్నారో, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి వెళ్లిందో, ఎవరు మాట పైకి ఒకటి లోపల ఒకటి పెట్టుకున్నారో వాసన పట్టేసే మనిషి. పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు, తెల్లటి తెర వెనక తల వంచుకుని కూర్చుంటే, తెర ఎత్తి మొహం చూసిన మొదటి మనిషి ఆమే. చాలాసేపు చూసి, "దీని చేతులు చూడండి, పిండి పిసికే చేతులు కావివి," అంది, అది తిట్టో మెప్పో బర్చినాయ్‌కి ఇప్పటికీ తెలియదు. చదువు ఆగకూడదని తన తమ్ముడు తలాంత్‌తో పోట్లాడింది కూడా ఆమే. బిడ్డ పుట్టి పాలు తాగుతున్నప్పుడే బిష్కెక్ నుంచి పిలుపు వచ్చింది, పెద్ద డాక్టరు కావాలంటే ఇప్పుడు రావాలి, ఇంకోసారి రాదు. వదినకి పిల్లల్లేరు, కలగరని తేలిపోయింది. ఆ ఇంట్లో ఎవరూ పెద్దగా చర్చించలేదు, మొదటి బిడ్డను అయినవాళ్ల ఒడిలో పెట్టడం ఊళ్లో కొత్త కాదు, వదిన వచ్చి గొర్రెతోలు పరిచి కూర్చుని చేతులు చాచింది. "ఇలా ఇయ్యి. నువ్వెళ్లి నీ కత్తులు నేర్చుకో," అంది. మీరిమ్ అప్పుడు ఏడవలేదు, వెచ్చటి చేతుల్లోకి వెళ్లి నిద్రపోయింది. బిష్కెక్ హాస్టల్లో ఎదురు మంచం పిల్లకి తెలియకుండా ఛాతీకి దుప్పటి గుడ్డ చుట్టి బిగించుకుంటే పాలు గుడ్డ దాటుకుని కారేవి, ప్రొఫెసర్ నెత్తురు గురించి చెబుతుంటే తెల్లకోటు ముందు భాగం తడిసి బరువెక్కేది, ఆమె పుస్తకాన్ని గుండెకి హత్తుకుని నిలబడేది, ఎంత శ్రద్ధో అనుకునేవాడు ఆయన. సెలవులకి వచ్చేసరికి బిడ్డ జూరాను అమ్మా అంది. ఈమెను చూసి వదిన వెనక దాక్కుంది. "మీ అక్క వచ్చింది, వెళ్లు," అంది వదిన, ఆ మాట ముందే ఎంచి పెట్టుకున్నట్టుంది, ఆ తర్వాత ఎవరూ మార్చలేదు. తలాంత్ కనుమ దారిలో లారీతో సహా లోయలోకి పోయిన రోజున కూడా, చావింట్లో, ఇద్దరు ఆడవాళ్ల మధ్య కూర్చున్న ఆ పిల్ల అమ్మా అని ఏడ్చి అటు తిరిగింది.

ముక్కు మధ్య గోడ. దీన్ని ఆఖరికి పెట్టుకుంది, ఆశ కొంచెం మిగుల్చుకుందామని కావచ్చు. కుడి వైపు పొర నల్లగా ఉంది, దాన్ని ఒలిచింది, అడుగున మెత్తటి ఎముక బూడిద రంగు, దాన్నీ తీసింది, అవతలి పొర తగిలింది, ఎడమ వైపు పొర. కత్తి అంచు ఆనించి గీసింది. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత గీత పొడవునా ఎర్రటి పూసలు లేచాయి, ఒకటి, దాని పక్కన ఇంకొకటి, కలిసిపోయి కిందికి కారాయి, గాజు మీద పడ్డాయి, తెర అంతా ఎర్రగా మసకబారింది. యంత్రం చప్పుడు తొందరపడింది.

"ఇదిగో, తగిలింది," అన్నాడు మెదెర్, గొంతులో దాదాపు నవ్వు. "నొప్పి తెలిసింది దీనికి."

"ఇవ్వు, మందు ఇవ్వు ఇప్పుడు," అంది బర్చినాయ్, అంటూనే గాజు తుడవడానికి గొట్టం బయటికి తీయలేదు, ఆ ఎరుపులో గుడ్డిదానిలా నిలబడింది. గుల్‌బారా అలవాటుగా పట్టీ అందించబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. నీళ్లు పోశారు, మళ్లీ కారింది, మళ్లీ పోశారు, ఆ కారడం ఎంత మామూలుగా ఉందంటే, ఎంత నిర్లక్ష్యంగా, ఆరోగ్యంగా ఉందంటే, బర్చినాయ్‌కి దాన్ని ఆపాలనిపించలేదు. ఇక్కడ బూజుకి అడ్డుగోడ కట్టొచ్చు, ఇక్కడ దాకా తీసేసి, అంచు అంతా ఇలాగే ఉంటే, మందు ఎక్కిస్తూ ఉంటే, మొహం లోపల బోలుగా ఉన్నా మనిషి ఉంటుంది, కొట్టు దగ్గర స్టూలు మీద కూర్చుని ఎవరినో తిడుతూ ఉంటుంది. ఆ ఊహ వెనకే, దాని నీడలోంచి, ఇంకొక ఊహ తల ఎత్తింది. లేకపోతే. వదిన లేకపోతే మీరిమ్ ఎవరి దగ్గరికి వస్తుంది. తన ఇంట్లో ఒక గది ఎప్పుడూ ఖాళీగానే ఉంది, కిటికీకి తెరలు కూడా కట్టి ఉన్నాయి, ఎందుకు కట్టిందో తనను తాను ఎప్పుడూ అడుక్కోలేదు. బర్చినాయ్ చెయ్యి ఆగింది. ఆ ఊహను ఎవరైనా చూశారా అన్నట్టు కళ్లెత్తింది, మెదెర్ సిరంజిలోకి మందు లాక్కుంటున్నాడు, గుల్‌బారా గిన్నె సర్దుతోంది, వదిన కళ్ల మీద పట్టీలు అలాగే ఉన్నాయి. ఎప్పటి నుంచి ఉంది ఇది నాలో, ఎక్కడ దాక్కుంది, పాలు గుడ్డ దాటుకుని కారిన రోజుల నుంచేనా, ఇన్నేళ్లూ అది చావలేదా. దాన్ని కోసి తీయడానికి ఏ కత్తీ లేదు. కుడి వైపుకి, వెనక్కి వెళ్లాలి, పని మిగిలి ఉంది.

దవడ సైనస్ వెనక గోడ. దాని వెనక ఒక సందు, ఆ సందులోంచి ముక్కుకి నెత్తురు మోసుకొచ్చే నాళం పైకి వస్తుంది. సైనస్ సర్జన్లందరికీ కలలోకి వచ్చే నాళం అది. కొత్తలో ఒకసారి పొరపాటున దాన్ని తెంపి, ఫౌంటెన్‌లా చిమ్మిన నెత్తురు కెమెరా గాజును ముంచేసి, ఏ చోటునుంచి వస్తోందో కనపడక, లోపల వేలు పెట్టి నొక్కి పట్టుకుని ప్రొఫెసర్ వచ్చేదాకా అలాగే నిలబడింది, ఆ మనిషి బతికాడు గానీ ఆమెకి నెల్లాళ్లు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఆ నాళం దగ్గరికి వెళ్లినప్పుడల్లా ముందు క్లిప్పు పెట్టి, కాల్చి, ఆ తర్వాతే పక్కకి జరిగేది. గుల్‌బారా క్లిప్పు పట్టుకుని ఉంది. బర్చినాయ్ వద్దని తల అడ్డంగా ఊపింది. సన్నటి కత్తెర నాళం మీద పెట్టింది. చిమ్ము, అనుకుంది. నా మొహం మీద చిమ్ము, తెర అంతా నింపెయ్, ఈ గదిలో అందరినీ పరుగులు పెట్టించు, నేను మళ్లీ వేలు పెట్టి నొక్కి పట్టుకుంటాను, ఎంతసేపైనా పట్టుకుంటాను. కత్తెర మూసింది.

నాళం రెండుగా తెగి, రెండు కొసలూ దారప్పోగుల్లా వేలాడాయి. తెగిన నాళం నోట్లో నల్లటి గడ్డ. ఏమీ రాలేదు. ఆమె ఆగింది. పీల్చే గొట్టం పక్కకి జరిపించి ఆగింది. యంత్రం ప్రశాంతంగా కొట్టుకుంటోంది.

"ప్రెషర్ ఇంకొంచెం," అంది.

"మామూలు కంటే ఎక్కువే ఉంది బర్చినాయ్."

"ఇంకొంచెం."

పెంచాడు. చూశారు. తెర మీద ఆ రెండు కొసలు తడిగా, కదలకుండా ఉన్నాయి. కాసేపటికి మెదెర్, "దించనా ఇక," అన్నాడు, దించమని తలూపింది.

ఆ తర్వాత చెయ్యి తనంతట తనే నడిచింది. కంటి గోడ లేనేలేదు, దాని అవతల కంటి చుట్టూ పసుపు పచ్చగా, వెన్నలా ఉండాల్సిన కొవ్వు తారులా ఉంది. వెనక గది, చిట్టచివరి గది. దీపం దాని లోపలికి పట్టుకుని చూసింది. ప్రొఫెసర్ చెప్పిన పెద్ద నాళం ఉబ్బు గోడ మీద కనపడింది, కొట్టుకుంటూనే ఉంది, కానీ దాని మీద పొర అంతా నలుపు, ఆ నలుపు గోడ దాటి పైకి, కత్తికి అందని చోటుకి, అందినా ముట్టకూడని చోటుకి పాకి వెళ్లింది. ఇంటి చివరి గదికి వచ్చాక ఇంకో గది ఉండదు. స్కానులో అనుమానంగా ఉన్నదాన్ని ఆమె పొద్దుటి నుంచి నీడ అనుకుంటూ వచ్చింది, ఇప్పుడు అనుకోవడానికి ఏమీ లేదు.

"కన్ను తీస్తున్నావా?" అని అడిగాడు మెదెర్. సంతకం ఉంది, అవసరమైతే తీయొచ్చని. సంతకం పెడుతూ వదిన ఒక్క మాటే అంది, పొద్దున, తోపుడు బల్ల మీద, మాట అప్పటికే ముద్దగా వస్తోంది. "పెట్టమంటే పెట్టాను. తియ్యొద్దే మాత్రం. పైకి పోయాక నా తమ్ముణ్ణి వెతుక్కోవాలి గదా, అంత జనంలో ఒంటికన్నుతో ఎక్కడ కనిపెట్టను." మీరిమ్ వదిన భుజం మీద చిన్నగా కొట్టి, "నోరు మూసుకో అమ్మా," అంది, తర్వాత ఇద్దరూ నవ్వారు, బల్ల కదిలింది. పుస్తకంలో ఉన్న ప్రకారం కన్ను తీయాలి. పుస్తకం రాసినవాళ్లు కన్ను దగ్గరే ఆగిన బూజు గురించి రాశారు. ఇది కంటిని దాటి వెళ్లిపోయింది, ఇప్పుడు కన్ను తీయడం అంటే దొంగలు దోచుకుపోయిన ఇంటి తలుపు ఊడబెరకడమే. తీస్తే ఎవరి కోసం, నేను చేయాల్సిందంతా చేశానని నా మనసుకి చెప్పుకోవడం కోసం, అంతేనా. ఆమె చాలాసేపు ఆ తారు రంగు కొవ్వును చూసింది.

"తియ్యను," అంది. "ఆపేస్తున్నాను."

మెదెర్ గుడ్డ తెర పక్కకి జరిపి వచ్చి ఒకసారి కెమెరా తెర మీద బొమ్మ చూశాడు, చెయ్యి ఎత్తి ఆమె భుజం మీద వెయ్యబోయి, చేతి తొడుగులు శుభ్రమైనవి కావని గుర్తొచ్చి కిందికి దించుకున్నాడు. "నొప్పి ఉండదు ఆమెకి," అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. ఎడమ పొర ఒక్కటే ఇంకా కారుతోంది, గోరంత చోటు. అక్కడ మటుకు బర్చినాయ్ పట్టీ అడిగి, మందులో తడిపి, చాలా జాగ్రత్తగా, నొప్పి తగలకుండా పెట్టింది. మిగిలిన బోలులో పెట్టడానికి ఏమీ అక్కర్లేకపోయింది. వదిన చెక్కిలి మీద బొబ్బ ఎండి చెక్కు కట్టింది, ఎవరో దాని మీద మందు కూడా రాశారు, మీరిమే అయ్యుంటుంది. బర్చినాయ్ చేతి తొడుగులు తీసి, వంగి, నుదుటి మీద అంటుకున్న నెరిసిన వెంట్రుకల్ని టోపీలోకి దోపింది, మేలుకుని ఉంటే ముట్టనిచ్చేది కాదు.

నడవాలో ఎండ నేల మీద పొడుగ్గా పడి ఉంది. మీరిమ్ కిటికీ దగ్గర నిలబడి ఉంది, చేతిలో వదిన చెవిపోగులు, వెండివి, ఒక వేలికి రెండూ తగిలించుకుని తిప్పుతోంది. బర్చినాయ్‌ని చూడగానే ఎదురొచ్చింది. తలాంత్ నడక, భుజం ముందుకి వేసి నడిచే నడక. ఇన్నేళ్లలో ఆ పిల్ల తన వైపు అంత తొందరగా నడిచి రావడం బర్చినాయ్ ఎరగదు.

"అయిందా అక్కా?"

"అయింది."

"ఎన్ని సీసాల నెత్తురు ఎక్కించారు? నా ఫ్రెండ్స్ ఇద్దరు కింద కూర్చున్నారు, అమ్మ గ్రూపే. పిలవనా?"

"ఎక్కించలేదు."

"ఒక్కటి కూడానా?"

"అవసరం పడలేదు. నెత్తురు పోలేదు."

మీరిమ్ ఒక్క క్షణం అలాగే చూసింది. తర్వాత ఆమె మొహంలో ఇన్ని రోజులుగా బిగిసిపోయి ఉన్నదేదో వదులైంది, రెండు అరచేతులూ మొహం మీద నుంచి కిందికి దించుకుని, "అల్లా దయ," అంది మెల్లగా, "అక్కా, నీ చేతి చలవ," అంది, అని ఒక్కసారి, తొందరగా, అలవాటు లేని పని చేసినట్టు, బర్చినాయ్ చెయ్యి పట్టుకుని నొక్కి వదిలేసింది. అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. "మీరింక వెళ్లిపోండే, అక్కర్లేదంట. అయిపోయింది. చుక్క కూడా పోలేదంట. లేదు, నిజంగా. అక్క చేసింది కదా." కిటికీ వైపు తిరిగి మాట్లాడుతోంది, అద్దంలో నవ్వు కనపడుతోంది, వదిన నవ్వినప్పుడు ఒక వైపే ముందు లేచే పెదవి, కడుపున పుట్టకపోయినా ఎలా వచ్చిందో ఆ పెదవి.

ఈ నడవాలో బర్చినాయ్ ఎంతోమందికి ఎన్నో చెప్పింది. మంచైనా చెడైనా నిలబడే చెప్పింది, నాలుగు మాటలు చెప్పి లోపలికి వెళ్లిపోవడం ఆమె పద్ధతి, ఆస్పత్రిలో అందరికీ తెలుసు, మీరిమ్‌కి ఇంకా బాగా తెలుసు, చిన్నప్పటి నుంచి ఈ అక్క ఇంట్లో కూడా కూర్చుని మాట్లాడటం ఆ పిల్ల చూడలేదు. ఆ పిల్ల ఫోన్ పెట్టేసేదాకా ఆగుదామనుకుంది. ఇంకో నిమిషం నవ్వనిద్దామనుకుంది. గోడ పక్కన బెంచీ ఉంది, పేషెంట్ల చుట్టాలు కూర్చునే బెంచీ, ఎవరో మర్చిపోయిన రొట్టె పొట్లం దాని మీద ఉంది. బర్చినాయ్ ఆ పొట్లాన్ని పక్కకి జరిపి కూర్చుంది. పక్కన ఇంకొకరు కూర్చోవడానికి చోటు వదిలి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

మీరిమ్ మాట్లాడుతూ మాట్లాడుతూ వెనక్కి తిరిగింది. బెంచీ మీద కూర్చున్న మనిషిని చూసింది. నవ్వు ఇంకా పెదవి మీదే ఉండగా ఆమె చెయ్యి నెమ్మదిగా చెవి దగ్గర నుంచి దిగింది. ఫోనులోంచి అవతలి పిల్ల గొంతు, హలో, మీరిమ్, వినపడుతోందా, అని అడుగుతూనే ఉంది.